వరసైన నవ్వు



1922 అక్టోబరు 15న అల్లూరి సీతారామరాజు దండు మా అడ్డతీగల పోలీసు ఠాణా మీదికి వచ్చింది. అంతకు ముందు ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి. రోజుకొక ఠాణా చొప్పున తుపాకులూ తూటాలూ ఎత్తుకెళ్ళిన దండు అది. ఏమేం పట్టుకెళుతున్నదీ చింతపల్లి ఠాణా పుస్తకంలో రాసి, కింద సంతకం కూడా పెట్టి మరీ వెళ్ళింది. అడ్డతీగలకైతే వస్తున్నామని ముందే కబురు పెట్టింది. మిరపకాయ టపా అని మనవాళ్ళు ఇప్పటికీ చెప్పుకునేది ఇలాంటి కబుర్లనే. కబురు అందింది గనక పోలీసులు ఠాణాలో తుపాకులు ఉంచలేదు. దండు వచ్చింది, ఊళ్ళో గంటల తరబడి తాపీగా ఉంది, వెళ్ళిపోయింది. అడ్డం వచ్చినవాడు లేడు.

ఈ కథని మనం వీరగాథగా చెప్పుకుంటాం. చెప్పుకోవలసిందే. నాకు మాత్రం ఇందులో ఒక గొప్ప ఎకసెక్కం కనబడుతూ ఉంటుంది. గూడెంలో బాస్టియన్ అని ఒక డిప్యూటీ తహసీల్దారు ఉండేవాడు. నర్సీపట్నం నుంచి చింతపల్లి వైపు కొండల్లోకి రోడ్డు వేయించాడు. మన్యం జనం చేత బండచాకిరీ చేయించుకుని కూలి సరిగా ఇవ్వలేదు. అడవిలో పోడు కొట్టుకోవాలంటే సర్కారు చట్టం అడ్డం, కట్టెపుల్ల తెచ్చుకోవాలంటే అడవి గార్డు అడ్డం. కూలీకి లెక్క చెప్పని అలాంటి సర్కారుకి, దాని తుపాకులు దాని ఎదుటే పట్టుకుపోతూ, ఎన్ని తుపాకులు, ఎన్ని తూటాలు అని పద్దు రాసిచ్చారు. దొంగతనానికి రసీదు! అంతకంటే పెద్ద వెక్కిరింత ఆ దొరల జమానా మొత్తంలో ఇంకొకటి జరిగి ఉంటుందని నేననుకోను.

నిత్యజీవితంలో నవ్వు గురించి మాట్లాడమంటే ఈయన తుపాకులతో మొదలెట్టాడేమిటి అనుకుంటున్నారేమో. వస్తున్నాను. ఎవరు ఎవర్ని చూసి నవ్వొచ్చు, నవ్వులపాలైనవాడు తిరిగి ఏమనొచ్చు, ఈ లెక్క ఒకటి ప్రతి సమాజంలోనూ ఉంటుంది. మన్యంలో ఆ లెక్క ఇంకా కొంత బతికుంది. కింద మైదానంలోనూ, మనందరి చేతుల్లో ఉన్న ఫోన్లలోనూ చాలావరకు చెదిరిపోయింది. నేను చెప్పదలచుకున్నది ఆ ఒక్క సంగతే.

మా ఊరి సంతకి ఒకసారి రండి. వై. రామవరం కొండల మీంచి, గంగవరం వైపు నుంచి జనం దిగుతారు. చింతపండు, కొండచీపుర్లు, అడ్డాకుల కట్టలు, కాలాన్ని బట్టి జీడిపిక్కలు. కొండరెడ్లు, కోయదొరలు, కొండకమ్మర్లు, వాల్మీకులు, వాళ్ళ మధ్య కింద నుంచి వచ్చిన షావుకార్లు. సంతలో సరుకు కంటే ముందు బయటికొచ్చేది వరస. "ఏం బావో, మీసం పెంచేవు, మా అక్క ఒప్పుకుందా?" అని ఒకమ్మాయి కేకేస్తుంది. "రోజూ దువ్వేది మీ అక్కే కదా" అని అటు నుంచి జవాబు. చుట్టూ ఉన్న పదిమందీ గొల్లున నవ్వుతారు. ఆ మాటే ఆ పిల్ల తన చిన్నాన్నతో అనదు. పెద్దనాన్న కొడుకుతో అనదు. ఏ వరసవాళ్ళతో నోరు జారవచ్చో, ఏ వరసవాళ్ళ ఎదుట తల వంచుకు పోవాలో పాలు తాగే వయసు దాటేసరికి తెలిసిపోతుంది.

ఇది కొండవాళ్ళ సొత్తు మాత్రమే అనుకోకండి. మనందరిదీ. ఇంటికొచ్చిన కోడలు మరిదితో వేళాకోళం ఆడొచ్చు, బావగారి ఎదుట పమిట సర్దుకోవాలి. తాత మనవరాల్ని "నన్ను చేసుకుంటావా" అని ఉడికించొచ్చు, తండ్రి అలా అనడు. ఇంగ్లండులో రాడ్‌క్లిఫ్-బ్రౌన్ అనే మానవశాస్త్రవేత్త 1940లో సరిగ్గా ఈ వేళాకోళపు వరసల మీదనే ఒక వ్యాసం రాశాడు. ఆయన ఉదాహరణల్లో ఎక్కువ భాగం ఆఫ్రికావి. ఆయన గమనించింది ఏమిటంటే, ఇలాంటి వరసలో ఒకరికి ఎగతాళి చేసే హక్కు ఉంటుంది, కొన్నిచోట్ల అది బాధ్యత కూడా. రెండోవాళ్ళకి కోపం తెచ్చుకోకూడదనే కట్టుబాటు ఉంటుంది. పెళ్ళి వల్ల దగ్గరైన రెండు కుటుంబాల మధ్య ప్రేమా ఉంటుంది, పేచీ పడే అవకాశమూ ఉంటుంది. ఆ రెండూ ఒక్కచోట ఇమడాలంటే ఒక మార్గం దూరంగా, మర్యాదగా ఉండటం. అత్తగారి దగ్గర అల్లుడు చేసేది అదే. ఇంకో మార్గం నవ్వులాట. బావామరదళ్ళు చేసేది అది. రాడ్‌క్లిఫ్-బ్రౌన్ గారికి మా సంత చూసే అదృష్టం పట్టలేదు గాని, చూసి ఉంటే ఆ వ్యాసం ఇంకాస్త హుషారుగా వచ్చేది.

ఇంతకంటే పదునైన నవ్వు పండగల్లో ఉంటుంది. ఏజెన్సీలో చైత్రమాసంలో వేట పండగ ఉండేది. మగవాళ్ళు విల్లమ్ములు పట్టుకుని అడవికి పోవాలి. ఏదో ఒకటి కొట్టుకు తేవాలి. ఒట్టి చేతులతో తిరిగొస్తే ఊరి ఆడవాళ్ళు పేడ ముద్దలు పట్టుకుని పొలిమేర దగ్గరే కాచుకుని ఉండేవాళ్ళు. 1907లో అచ్చయిన విశాఖపట్నం జిల్లా గెజిటీరులో ఫ్రాన్సిస్ దొర ఈ తంతు రాసిపెట్టాడు. ఏడాది పొడుగునా ఇంటి పెద్దనని మీసం మెలేసే మగాడు ఆ ఒక్కరోజు పేడ దెబ్బలు తింటూ పరిగెత్తాలి, నవ్వాలి కూడా. కోప్పడితే పరువు పోతుంది. ఇప్పుడు వేట లేదు, ఉండకూడదు కూడా. వన్యప్రాణి చట్టం ఉంది, అడవిలో జంతువులే అంతంతమాత్రం. పండగలో నవ్వు మాత్రం దారి మార్చుకుంది. భూదేవి పండగ రోజుల్లో మన్యం రోడ్ల మీద ప్రయాణం చేసినవాళ్ళకి తెలుసు, వెదురు కర్రో తాడో అడ్డం పెట్టి ఆడవాళ్ళు బండి ఆపుతారు. పాట పాడతారు, ఆడతారు, డబ్బులడుగుతారు. ఇవ్వకపోతే వదలరు. కాకినాడ నుంచి కారులో వచ్చిన ఆసామీని కూడా "బావా" అనే పిలుస్తారు. ఆ పిలుపుతో ఆయన వరసలోకి వచ్చేశాడు. ఇక ఆయన బొజ్జ మీదా, నల్లకళ్ళజోడు మీదా, కారు పక్కసీట్లో కూచున్న ఆవిడ మీదా ఎన్ని మాటలైనా అనొచ్చు. జీపులో వచ్చిన అధికారికైనా అదే గతి. దర్ఖాస్తు పట్టుకుని ఆయన గది బయట గంటలకొద్దీ నిలబడే మనిషి ఆ రోజు ఆయన బండికి అడ్డం నిలబడి నవ్వుతుంది. తెలివైన అధికారి దిగి నాలుగడుగులు వేస్తాడు. అద్దం ఎత్తేసి హారన్ కొట్టేవాడి గురించి ఆ ఏడంతా కథలు చెప్పుకుంటారు.

ఇక మైదానం వైపు వద్దాం.

1995 మార్చి 13న బొంబాయిలో మదన్ కటారియా అనే డాక్టరు ఒక పార్కులో నలుగురిని పోగేసి నవ్వుల క్లబ్బు మొదలెట్టాడు. మొదట జోకులు చెప్పుకుని నవ్వేవాళ్ళట. కొన్నాళ్ళకి జోకులు అయిపోయాయి. దాంతో జోకు లేకుండానే నవ్వడం అభ్యాసం చేశారు. ఇప్పుడు మన పట్నాల్లోనూ పొద్దున్నే పార్కుల్లో చేతులెత్తి హహహా అంటున్నవాళ్ళు కనిపిస్తారు. మా పక్కింటి కొండరెడ్డి పెద్దాయనకి టీవీలో ఇది చూపించాను.

"ఎవర్ని చూసి నవ్వుతున్నారు మేస్టారూ?"

"ఎవర్నీ చూసి కాదు తాతా. ఆరోగ్యానికి మంచిదని."

"ఎవరూ ఏవీ అనకుండానే?"

"అంతే."

ఆయన కాసేపు చూసి, "పాపం, వాళ్ళ బావలంతా ఏమయిపోయారో" అన్నాడు.

నేను నవ్వుల క్లబ్బులకి వ్యతిరేకిని కాను. పొద్దున్నే లేచి నలుగురి మొహాలు చూడటమే సగం మందు. పైగా అమెరికాలో రాబర్ట్ ప్రొవైన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త అంగళ్ళలోనూ, వీధుల్లోనూ జనం నవ్వుతుండగా పొంచి ఉండి లెక్కలు కట్టాడు. 2000లో ఆ పరిశోధనంతా పుస్తకంగా వేశాడు. ఒంటరిగా ఉన్నప్పటికంటే మరొకరు పక్కనున్నప్పుడు మనిషి నవ్వడం ముప్పై రెట్లు ఎక్కువని ఆయన తేల్చాడు. ఇంకా తమాషా సంగతి, జనం నవ్వినవాటిలో అసలు జోకులు ఐదో వంతు కూడా లేవు. "సరేలే, వెళ్ళొస్తా", "నువ్వూ వచ్చేవా?" ఇలాంటి మాటలకే ఎక్కువగా నవ్వుకున్నారు. సంతలో ఆ పిల్ల అన్న మీసం మాట కాయితం మీద రాసి చూస్తే అదేమంత హాస్యం? ఎవరు, ఎవరితో అన్నారన్నదాంట్లో ఉంది నవ్వంతా. రాజమండ్రిలో కూచుని హాస్యం రాసిన భమిడిపాటి కామేశ్వరరావు గారికి ఇది బాగా తెలుసు. ఆయన నాటకాల్లో జోకు విడిగా పట్టుకుందామంటే దొరకదు, మాటా మాటా రాసుకున్నచోట పుడుతుంది.

ఇప్పుడు ఏలేశ్వరం నుంచి అడ్డతీగల వచ్చే బస్సెక్కండి. ఘాట్ దాకా సిగ్నలుంటుంది. సీటుకొక మనిషి, మనిషికొక ఫోను, చెవుల్లో తీగలు. ఒకతను కిసుక్కున నవ్వుతాడు. పక్కనున్నవాడు చూస్తాడు, ఎందుకో అర్థం కాదు, తన ఫోనులోకి తల దించుకుంటాడు. ఐదు నిమిషాలకి వీడు నవ్వుతాడు. ఒకే బస్సులో ముప్పై రకాల నవ్వులు, ఏ రెండూ కలవవు. అమెరికాలో 1950ల్లో చార్లీ డగ్లస్ అనే ఇంజనీరు నవ్వుల పెట్టె ఒకటి తయారు చేశాడు. మీట నొక్కితే జనం నవ్వినట్టు శబ్దం వస్తుంది, టీవీ నాటకాల వెనకాల కలుపుతారు. ఇంట్లో ఒంటరిగా చూసేవాడికి పక్కన నలుగురున్న భ్రమ కల్పించడం దాని పని. మన తెలుగు టీవీ హాస్య కార్యక్రమాల్లోనూ అదే పద్ధతి. ఇక 2015లో ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు వాళ్ళు ఆ ఏడాదికి ముఖ్యమైన మాట ఏదని వెతికి, చివరికి ఒక బొమ్మని ఎంచుకున్నారు. కళ్ళనీళ్ళు కారేటట్టు నవ్వే పచ్చటి మొహం. ఆ బొమ్మ పంపేటప్పుడు మనలో నూటికి తొంభై మంది మొహంలో ఒక్క కండరం కూడా కదలదు. నేనూ అలాగే పంపుతాను. నవ్వు వచ్చిందని కాదు, ఎదుటివాడు బాధపడతాడని.

అయితే నవ్వు ఒంటరిదైపోవడం కంటే నన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టేది ఇంకొకటుంది. వరస తెలియని నవ్వు. బావని బొజ్జ అన్నప్పుడు బావ తిరిగి ఏదో అంటాడు, లెక్క సరిపోతుంది. ఎక్కడో ఎవడో వీధిలో జారిపడ్డ మనిషిని వీడియో తీసి పెడితే లక్షలమంది నవ్వుతారు. పడ్డవాడు ఎవర్ని తిరిగి అంటాడు? పొట్టివాళ్ళనీ లావువాళ్ళనీ నల్లవాళ్ళనీ పెళ్ళాన్నీ ఆడించి నవ్వించే టీవీ స్కిట్లు పదేళ్ళకి పైగా మన ఇళ్ళల్లో ఆడుతున్నాయి. నవ్వులపాలైనవాడికి జవాబు చెప్పే వంతు ఎప్పుడూ రాదు.

ఈ బాధ కొండవాళ్ళకి కొత్త కాదు. తెలుగు హాస్యం పుట్టి పెరిగింది చాలావరకు గోదావరి ఒడ్డునే. చిలకమర్తి గణపతి, మొక్కపాటి పార్వతీశం, భమిడిపాటి వారి మనుషులు, అందరూ ఈ కొండల నీళ్ళు తాగినవాళ్ళే. పార్వతీశం మొగల్తూరు నుంచి బయల్దేరి ఇంగ్లండు వెళ్ళి బారిష్టరు చదివాడు గాని, ఘాట్ ఎక్కి ఇటు రాలేదు. వీళ్ళని సృష్టించిన రచయితలు కొండవాళ్ళని వెక్కిరించలేదు, ఆ మాట ఒప్పుకోవాలి. పట్టించుకోలేదు, అంతే. వెక్కిరించే పని సినిమా చేసింది. ఈకల టోపీ, పూసల దండలు, ఒంటికి నల్లరంగు, ఏదో భాష కాని భాష. హీరో మారువేషం వెయ్యాలంటే కోయదొర. ఆ వేషం చూసి హాలంతా నవ్వింది. నిజమైన కోయదొరలు కింది తరగతి టిక్కెట్టు కొనుక్కుని అదే హాల్లో కూచుని చూశారు, వాళ్ళూ నవ్వారు. ఆ నవ్వు ఎలాంటిదో ఆలోచించండి.

కొండరెడ్ల ఇంటి భాష తెలుగే. వాళ్ళ యాస వేరు. హాస్టలు బడిలో కింద నుంచి వచ్చిన పిల్లలు ఆ యాస విని నవ్వితే, కొండపిల్ల రెండు నెలల్లో నోరు కట్టేసుకుంటుంది. చాలామంది టీచర్లకి ఇది అల్లరిలాగే కనిపిస్తుంది. పిల్లలు నవ్వుకుంటున్నారు కదా, సంతోషంగా ఉన్నారు కదా అంటారు. నవ్వంతా సంతోషం కాదని ఒక బడి ఎప్పుడో చూపించింది. ఇప్పటి టాంజానియాలో కషాష అనే ఊరు. 1962 జనవరి 30న అక్కడి ఆడపిల్లల మిషనరీ హాస్టలు బడిలో ముగ్గురు పిల్లలు ఉన్నట్టుండి నవ్వడం మొదలెట్టారు. ఆపుకోలేకపోయారు. 159 మంది పిల్లల్లో 95 మందికి ఆ నవ్వు పాకింది. నవ్వు, వెంటనే ఏడుపు, మళ్ళీ నవ్వు, కొందరికి గంటలు, కొందరికి రోజులు. మార్చి 18న బడి మూసేశారు. పిల్లలు ఇళ్ళకి పోతే ఆ ఊళ్ళకీ పాకింది. విషమూ కాదు, సూక్ష్మజీవీ కాదు. ఇల్లు వదిలి వచ్చి, ఇంట్లో లేని కట్టుబాట్ల మధ్య, ఎవరికీ ఏమీ చెప్పుకోలేని పిల్లల మీద పడ్డ ఒత్తిడి అలా బయటపడిందని తరవాత పరిశీలించినవాళ్ళు అభిప్రాయపడ్డారు. మా ఆశ్రమ పాఠశాలల పిల్లల్ని చూసినప్పుడల్లా నాకా బడి గుర్తొస్తుంది. సాయంత్రం హాస్టలు వరండాలో అమ్మాయిలు పడీ పడీ నవ్వుతుంటే ఒక్క క్షణం ఆగి వింటాను, ఎలాంటి నవ్వని.

ఇంత చెప్పి, పాతదంతా బంగారమని నేననను. వరస పేరు చెప్పి జరిగే దుర్మార్గం నాకు తెలుసు. పదో తరగతి చదివే పిల్లని ముప్పై ఏళ్ళ బావ "నా పెళ్ళామా" అని నలుగురిలో పిలుస్తాడు. ఆ పిల్ల మొహం ముడుచుకుంటే "సరసం తెలీదు దీనికి, చదువు ఎక్కువైంది" అంటారు. కోపం తెచ్చుకోకూడదనే కట్టుబాటు ఆ పిల్లకి ఉరితాడు. మా ఊళ్ళో ఒకమ్మాయి మొన్న పండక్కి నర్సింగ్ కాలేజీ నుంచి వచ్చింది. ఇలాంటి బావకే అందరి ఎదుటా, "బావా, నీ రక్తపోటు చూస్తాను, చెయ్యి ఇలా పెట్టు, ఈ వయసులో జాగ్రత్తగా ఉండాలి" అంది. ముసలివాళ్ళే ముందు నవ్వారు. వరస దాటలేదు, కోపం చూపలేదు, బావ మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. పిల్లలకి పాఠాలతో పాటు ఈ విద్య కూడా ఎవరైనా నేర్పితే బాగుండును. నేనైతే నేర్పలేను. అది మా వీధిలో ఆడవాళ్ళ దగ్గరే ఉంది.

చెదిరిపోయిన వరసని జనం ఫోనులోనే మళ్ళీ అతుక్కుంటున్నారు కూడా. కొండ మీద గూడేల నుంచి కుర్రాళ్ళు హైదరాబాదుకి భవనాల పనికి పోతున్నారు. వాళ్ళ అక్కచెల్లెళ్ళలో చాలామందికి టైపు చెయ్యడం అలవాటు లేదు. వాట్సాప్‌లో మాట రికార్డు చేసి పంపుతారు. బొమ్మలు పంపరు, నవ్వు వస్తే అదే పంపుతారు. మా వీధి చివర ఉండే ఒకావిడ తన అక్క మొగుడికి ఇలాంటివి పంపుతూ ఉంటుంది. ఆయన హైదరాబాదులో సెంట్రింగ్ పని. "ఏం బావా, పట్నం నీళ్ళకి తెల్లబడ్డావంట, మా అక్క గుర్తుపట్టదేమో, ఆధార్ కార్డు తీసుకురా" అని ఆవిడ మొదలెడుతుంది, వెనకాల పిల్లలు కోళ్ళు అన్నీ వినిపిస్తుంటాయి. ఇంట్లో సిగ్నలుండదు. మట్టిరోడ్డెక్కి చింతచెట్టు దాకా పోతేనే ఆ మాట వెళుతుంది. ఆయన సాయంత్రం పని దిగాక వింటాడు, గదిలో మిగిలిన నలుగురికీ వినిపిస్తాడు. జవాబు చెప్పి పంపుతాడు. అది ఈవిడకి ఎప్పుడో రెండోరోజు చింతచెట్టు దగ్గరికి పోయినప్పుడు అందుతుంది. అప్పటికి తను ఏమన్నదో ఈవిడకే సరిగ్గా గుర్తుండదు. అయినా అక్కడే నిలబడి పెద్దగా నవ్వి, మళ్ళీ జవాబు చెప్పడం మొదలెడుతుంది.